బీచ్ రోడ్డు విమానం వెనుక ఒక స్క్వాడ్రన్

విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా నిలిపిన టీయూ-142ను, అంటే జలాంతర్గాములను వెతికే పాత గస్తీ విమానాన్ని, చూసినవారు ముందు దాని పరిమాణం గురించే మాట్లాడతారు. యాభై మీటర్లు దాటిన విమానం, ఆ ఆశ్చర్యం సహజమే. నాకు మాత్రం అది ఎగిరిన స్క్వాడ్రన్, అంటే విమానదళం, అంతకంటే గొప్పది. నౌకాదళంలో దాని సంఖ్య 312, పేరు ఆల్బట్రాస్.

1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ రేవు సమీపంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ అది మన గుమ్మం దాకా వచ్చింది. సముద్రంపై సుదూర గస్తీ తిరిగే విమానాలు అప్పట్లో వైమానిక దళం చేతిలో ఉండేవి. 1976లో ఆ బాధ్యత నౌకాదళానికి మారింది. వైమానిక దళం అప్పగించిన పాత సూపర్ కాన్‌స్టలేషన్ విమానాలతో 312 మొదలైంది. 1988లో సోవియట్ టీయూ-142లు గోవాకు వచ్చాయి. 1992లో తూర్పు నౌకాదళం పరిధిలోని అరక్కోణానికి మారి, 2017 మార్చి 29న సేవ ముగించాయి. ఇప్పుడు అదే స్క్వాడ్రన్ అమెరికా తయారీ పీ-8ఐ గస్తీ విమానాలను నడుపుతోంది.

విమానాలు రెండుసార్లు మారినా జలాంతర్గాముల వేట మారలేదు. విమానం జారవిడిచిన సోనోబాయ్ నీటిపై తేలుతూ, కింద వేలాడే మైకుకు వినిపించిన చప్పుడును రేడియోలో పైకి పంపుతుంది. వినడం చెప్పినంత తేలిక కాదు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ వరదనీరు బంగాళాఖాతంలో ఉప్పునీటిపై పొరగా పరుచుకుంటుంది. పొర మారిన చోట శబ్దం వంగుతుంది, జలాంతర్గామికి దాక్కునే చోటు దొరుకుతుంది. ఏ ఋతువులో ఏ లోతున వినాలో తెలిసిన చెవులు విమానంతోపాటు కొనుక్కుంటే రావు. ఏళ్ల తరబడి ఇవే జలాలపై ఎగిరి, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవలసిందే.

అందుకే కొత్త విమానాల సంఖ్య, ధర దగ్గరే మన చర్చ ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. సోనోబాయ్ ఒక్కసారి వాడి వదిలేసే వస్తువు. నిల్వలు తరిగితే ఎంత ఖరీదైన విమానమైనా చెవిటిదే. 2024 ఆగస్టులో నౌకాదళ హెలికాప్టర్ల కోసం సుమారు 5.28 కోట్ల డాలర్ల సోనోబాయ్‌ల అమ్మకానికి అమెరికా అనుమతి ఇచ్చింది. ప్రతి వేటలో ఖర్చయ్యే వస్తువు కోసం మరో దేశం అనుమతికి ఎదురుచూడటం మంచిది కాదు. జలాంతర్గాములపై నీటిలో దూసుకెళ్లే తేలికపాటి టార్పెడో శ్యేనను రూపొందించింది ఇదే విశాఖలోని నౌకాదళ పరిశోధనశాల. సోనోబాయ్‌ల తయారీకీ ప్రభుత్వం అంతటి పట్టుదలతో నిధులు కేటాయించాలి, ఆ పనిలో విశాఖకు వాటా ఇవ్వాలి.