మూడో తీగ దగ్గరే జాగ్రత్త

గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయించడం గురించిన వ్యాసంలో, అన్నిటికన్నా లావైన ఆరో తీగ ఒక్కటే ఇ స్వరం నుంచి డి కి దించితే సరళీ వరుసలు (తొలి పాఠాలు) సులువని రాశారు. అంతటితో ఆగకండి. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో వయొలిన్ స ప స ప తీగలు ఎవరికి కొత్త? గిటార్‌నీ అలాగే కట్టొచ్చు. ఆరు నుంచి ఒకటి దాకా డి, ఏ, డి, ఏ, ఏ, డి. అంటే రెండు శ్రుతిలో (డి ని స గా తీసుకుంటే) స ప స ప ప స.

మామూలు శ్రుతి (ఇ, ఏ, డి, జి, బి, ఇ) నుంచి ఆరు, రెండు, ఒకటి తీగలు రెండేసి మెట్ల (ఫ్రెట్ల) మేర దిగుతాయి. మూడోది మాత్రం జి నుంచి ఏ కి ఎక్కాలి, తెగేదీ అదే. బిగువు సుమారు నాలుగో వంతు పెరుగుతుంది. 12-53 సెట్‌లో (ఒకటో తీగ అంగుళంలో వెయ్యింట 12 వంతులు, ఆరోది 53 వంతులు మందం) మూడోది ఉక్కు మీద సన్నని తీగ చుట్టిన చుట్టు తీగ, దాని లోపలి ఉక్కు బాగా సన్నం. బదులుగా 18 గేజ్ (మందం) సాదా తీగ, అంటే చుట్టు లేనిది, వెయ్యండి. శాడిల్ (గిటార్ పొట్ట మీద తీగలు ఆనే పట్టీ) చుట్టు తీగకు తగ్గట్టు చెక్కి ఉంటుంది కాబట్టి పై మెట్లలో కాస్త హెచ్చుగా పలుకుతుంది, కింది మెట్లలో ఇబ్బంది లేదు.

ఫలితం సరళీ వరుసలు నేర్పే మాయామాళవగౌళ రాగంలో చూడాలి, ఎంత హాయో! నాలుగో తీగ మీద 0 (నొక్కకుండా), 1, 4, 5 మెట్లు స రి గ మ, మూడో తీగ మీద అవే మెట్లు ప ద ని స.

మొత్తం బిగువు తగ్గి ఆరో తీగ గరగరమంటే ట్రస్ రాడ్ (మెడ లోపల దాని వంపును సరిచేసే కడ్డీ) పావు చుట్టు వదులు చేసి మళ్లీ శ్రుతి చూసుకోండి. ఐదు శ్రుతిలో (జి ని స గా) పాడేవాళ్లకైతే ఐదో మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెడితే సరి.