మహారాజశ్రీ బొజ్జ గారి దివ్య సముఖమునకు

అయ్యా బొజ్జ గారూ, నమస్కారాలు. వంగి పెట్టాలనే ఉంది గానీ తమరు అడ్డం వస్తున్నారు, అందుకని నిలబడే పెడుతున్నా, ఏమీ అనుకోకండి.

ఈమధ్య ఎవర్ని చూసినా షుగర్‌ని తిడుతున్నారు, కొంతమంది వయసుని తిడతారు, ఇంకొంతమంది "మా వంశంలోనే ఉందండీ" అని తాతముత్తాతల్ని కూడా వదలట్లేదు. తమర్ని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనరు. పైగా ప్రేమగా నిమురుకుంటూ "కాస్త హుందాతనం వచ్చింది" అని మురిసిపోతారు. పరగడుపు షుగర్, అదే ఫాస్టింగ్, 112 అని రిపోర్ట్ వచ్చిన రోజు కూడా మనిషి ఆ అంకె వంకే గుడ్లప్పగించి చూస్తాడు తప్ప ఆ కాగితం ఎవరి మీద ఆనించి చదువుతున్నాడో చూసుకోడు. నాకు మండేది ఇక్కడే. తప్పు చేసేది తమరు, తిట్లు తినేది షుగర్‌ని అదుపులో పెట్టే ఇన్సులిన్‌ని తయారుచేసే పాంక్రియాస్.

తమరి మీద కేసు ఈనాటిది కాదు. 1947లోనే ఫ్రాన్స్‌లో జాఁ వాగ్ అనే డాక్టరు చెప్పాడు, మనిషి ఎంత లావున్నాడని కాదు, ఆ కొవ్వు ఎక్కడ చేరిందో చూడండి, ఒంటి పైభాగంలో చేరినవాళ్ళకే డయాబెటిస్ లాంటివి ఎక్కువ వస్తున్నాయి, తుంటి తొడల దగ్గర చేరినవాళ్ళకి అంతగా రావట్లేదు అని. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ తర్వాత 1988లో అమెరికాలో జెరాల్డ్ రీవెన్ గారు బాంటింగ్ లెక్చర్ అనే పేరున్న ఉపన్యాసం ఇస్తూ ఇన్సులిన్ మాట ఒళ్ళు వినకపోవడం, బీపీ పెరగడం, రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు పెరగడం, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గడం ఇవన్నీ విడివిడి జబ్బులు కావు, కలిసి తిరిగే ముఠా అని తేల్చి సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టారు. విచిత్రం ఏంటంటే ఆ ముద్దాయిల లిస్టులో తమరి పేరు లేదు! అక్కడే ఉండి, అన్నీ చేసి, చార్జిషీట్‌లో మాత్రం లేరు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా.

2005లో ఇంటర్నేషనల్ డయాబెటిస్ ఫెడరేషన్ వాళ్ళు మాత్రం తమర్ని ఏ1 చేశారు, నడుం కొలత దాటకపోతే అసలు మెటబాలిక్ సిండ్రోమే (ఆ ముఠాకి తర్వాత పడ్డ పేరు) లేదు పొమ్మన్నారు. దక్షిణాసియా మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 అని గీత కూడా గీశారు, యూరప్ మగవాళ్ళకైతే 94 వరకు సడలింపు, ఎందుకంటే మనవాళ్ళు సన్నగా కనిపిస్తూనే లోపల తమరికి చోటిస్తారు. హమ్మయ్య దొరికాడు అనుకునేలోపు 2009లో పెద్ద పెద్ద సంస్థలన్నీ కలిసి కూర్చుని, నడుం తప్పనిసరి కాదు, నడుం, ట్రైగ్లిజరైడ్స్ 150 పైన, హెచ్‌డీఎల్ మగవాళ్ళకి 40 ఆడవాళ్ళకి 50 కన్నా తక్కువ, బీపీ 130/85 పైన, ఫాస్టింగ్ షుగర్ 100 పైన, ఈ ఐదింటిలో ఏ మూడున్నా చాలు అన్నారు. అంటే తమరికి బెయిల్. మధ్యలో అమెరికా డయాబెటిస్ సంఘం, యూరప్ సంఘం కలిసి అసలు వీటన్నిటినీ ఒక మూట కట్టి పేరు పెట్టడం వల్ల విడివిడిగా చూస్తే తెలియనిది కొత్తగా ఏం తెలుస్తోంది అని నిలదీశాయి కూడా. న్యాయమైన ప్రశ్నే, కాదనను. కానీ పేరు మీద ఎంత గొడవ పడినా తమరు కదలకుండా అక్కడే కూర్చున్నారు చూడండి, ఆ నిబ్బరం మాత్రం మెచ్చుకోవాలి.

షుగర్ జబ్బుకి ముందు మెట్టు, ప్రీడయాబెటిస్ సంగతీ అంతే. ఫాస్టింగ్ 100 దాటితే ఉన్నట్టే అని అమెరికా సంఘం, కాదు 110 దాటాలి అని డబ్ల్యూహెచ్ఓ. 105 వచ్చినవాడు ఒకళ్ళ లెక్కలో పేషెంటు, ఇంకొకళ్ళ లెక్కలో నార్మల్, వాడు సహజంగానే తనకి నచ్చిన లెక్క పట్టుకుని ఇంటికెళ్ళి పడుకుంటాడు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య, అంటే ప్రీడయాబెటిస్ అంటే "ఇంకా రాలేదుగా" అంటాడు. ఆ మాట వింటే తమరికి ఎంత ఆనందమో నాకు తెలుసు, పడుకున్నా తమరు ఒక అంగుళం ఎత్తులోనే కనిపిస్తారు.

తమరు చేసే పని జనానికి అర్థం కాదు కాబట్టి ఇక్కడ కాస్త వివరంగానే రాస్తా. చర్మం కింద వేళ్ళతో పట్టుకుంటే దొరికే కొవ్వు ఒకటి, అది చూడ్డానికి అసహ్యమేమో గానీ కాస్త అమాయకురాలు. తమరి అసలు రూపం దాని వెనక, పేగుల చుట్టూ ఉంటుంది, డాక్టర్లు విసరల్ ఫ్యాట్ అంటారు. అక్కడినించి రక్తం పోర్టల్ వీన్ అనే దారిలో సూటిగా లివర్‌కి వెళ్తుంది, ఇంకెక్కడా ఆగదు. తమరు వదిలే కొవ్వు ఆమ్లాలు నేరుగా అక్కడికే. లివర్‌లో కొవ్వు పేరుకున్నాక అది ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది, రాత్రంతా గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. పాపం మనిషేమో "రాత్రి తిన్న తర్వాత పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు, పొద్దున్నే ఫాస్టింగ్ ఎలా పెరిగిందండీ, మిషన్ తప్పేమో" అని ల్యాబ్ వాళ్ళతో పోట్లాడతాడు. మిషన్ బానే ఉంది. రాత్రి డ్యూటీ చేసింది తమరు. లివర్ ఆ ఎక్కువైన కొవ్వుని ట్రైగ్లిజరైడ్స్‌గా బయటికి పంపిస్తే అవి పెరుగుతాయి, ఆ గొడవలో హెచ్‌డీఎల్ తగ్గుతుంది, ఇన్సులిన్ ఎక్కువైతే కిడ్నీలు ఉప్పు పట్టి ఉంచుతాయి కాబట్టి బీపీ కూడా ఎక్కుతుంది, కొంత కొవ్వు పాంక్రియాస్‌లో చేరితే ఇన్సులిన్ తయారుచేసే కణాలు కూడా నీరసపడతాయని బ్రిటన్‌లోని న్యూకాజిల్‌లో రాయ్ టేలర్ అనే డాక్టరు గారు ఏళ్ళ తరబడి చూపిస్తూ వస్తున్నారు. అదీ తమరి నెట్‌వర్కు, చాప కింద నీరు.

ఇక తమరికి నచ్చని భాగానికొస్తా. తమర్ని ఖాళీ చేయించొచ్చని రుజువై చాలా కాలమైంది. చైనాలోని డాచింగ్‌లో 1986లో 577 మందితో మొదలుపెట్టారు, కొన్ని గ్రూపులకి ఆరేళ్ళు తిండి, వ్యాయామం సరిచేశారు అంతే, ముప్పై ఏళ్ళ తర్వాత లెక్క చూస్తే ఆ గ్రూపులకి షుగర్ సగటున నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది, గుండె జబ్బుల చావులు కూడా తగ్గాయి. ఫిన్లాండ్ వాళ్ళు 2001లో ఇలాగే చేసి షుగర్ వచ్చే రిస్కు 58 శాతం తగ్గిందన్నారు. అమెరికాలో డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అని 3,234 మందితో చేసింది ఉంది, 2002లో అచ్చయింది, అందులోనూ అదే 58. బరువులో 7 శాతం, వారానికి 150 నిమిషాల నడక, అంతే వాళ్ళు అడిగింది. పక్కన మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ళ వేసుకున్నవాళ్ళకి 31 శాతం తగ్గింది, అరవై దాటినవాళ్ళలో అయితే నడక గ్రూపు 71 శాతానికి వెళ్ళింది, అంటే పెద్దవాళ్ళే బిళ్ళని ఓడించారు. (మెట్‌ఫార్మిన్‌ని తీసిపారేయట్లేదు, బాగా లావున్నవాళ్ళకి, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన ఆడవాళ్ళకి అది బానే పనిచేసింది.) ఈ ఫలితాలు వచ్చి ఇన్నేళ్ళయినా తమరు ఇంకా రాజ్యం ఏలుతున్నారంటే కారణం తమరి గొప్పతనం కాదు, ఆ అమెరికా ప్రోగ్రాములో ఒక్కొక్కరికీ ఒక కోచ్ ఉన్నాడు, తరచూ పిలిచి బరువు చూసి మాట్లాడేవాళ్ళు, మిగతా ప్రపంచానికి మాత్రం రెండు నిమిషాల కన్సల్టేషన్‌లో "కాస్త తగ్గండి" అనే రెండు మాటలు దక్కాయి. తమరికి ఇంతకన్నా నమ్మకమైన మిత్రుడు ఇంకోడు లేడు.

మధ్యలో దొడ్డిదారులు వెతికినవాళ్ళూ ఉన్నారు. విటమిన్ డి వేసుకుంటే షుగర్ రాకుండా పోతుందేమో అని 2,423 మందిని తీసుకుని సగం మందికి రోజూ 4,000 యూనిట్లు ఇచ్చి చూశారు, 2019లో చెప్పిన ఫలితం ఏంటంటే తేడా ఉందని గట్టిగా చెప్పలేం అని. తమరు ఆ రోజు కులాసాగా ఒక లూజ్ టీషర్టు వేయించుకుని ఉంటారు. నిద్ర సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి, 1999లోనే ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళని వరసగా ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే గ్లూకోజ్‌ని సర్దుకునే శక్తి పడిపోయింది. ఆ లెక్కన రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో "బొజ్జ తగ్గడం ఎలా" వీడియోలు చూసేవాళ్ళు తమరికి ఎంత సేవ చేస్తున్నారో మీరే ఆలోచించండి.

ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి. బరువు తగ్గించే టిర్జెపటైడ్ అనేదాన్ని బాగా లావుండి ప్రీడయాబెటిస్ కూడా ఉన్న 1,032 మందితో మూడేళ్ళకి పైగా పరీక్షిస్తే, మందు తీసుకుని కూడా షుగర్ వచ్చినవాళ్ళు 1.3 శాతం, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 13.3 శాతం. 2024లో ఆ అంకె చూసి తమరికి చెమటలు పట్టుంటాయి. కంగారు పడకండి, మందు ఆపిన పదిహేడు వారాలకే ఆ 1.3 కాస్తా 2.4 అయింది, బరువు కూడా తిరిగి రావడం మొదలైంది. తమరు పోరు, అలుగుతారు అంతే. మందు గొప్పదే, కానీ ఎన్నాళ్ళు వాడాలి, అంత ఖర్చు ఎవరు పెట్టాలి అన్న దగ్గర అందరూ నీళ్ళు నములుతున్నారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం 2025లో జర్మనీలోని ట్యూబింగన్ వాళ్ళు చెప్పింది. ఏడాది పాటు తిండి, వ్యాయామం మార్చుకున్నవాళ్ళలో కొంతమందికి బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదు, కొందరికైతే పెరిగింది కూడా, మామూలుగా అయితే వీళ్ళని ఫెయిల్ కింద రాసేస్తారు. కానీ వాళ్ళలోనే కొందరికి షుగర్ నార్మల్‌కి వచ్చేసింది, తర్వాతి ఏళ్ళలో డయాబెటిస్ వచ్చే రిస్కు కూడా బాగా తగ్గింది. ఏం జరిగిందా అని చూస్తే కొవ్వు ఒంట్లోనే ఉంది గానీ పేగుల చుట్టూ కాకుండా చర్మం కిందకి మారింది. అంటే తమరు ఇల్లు ఖాళీ చేయకపోయినా పర్లేదట, లోపలి గది నించి వరండాలోకి వస్తే చాలట! 1947లో ఆ ఫ్రెంచి డాక్టరు మొత్తుకున్నది ఇదే కదా, ఎంత ఉందని కాదు ఎక్కడుందని. ఇన్నాళ్ళూ బరువు మిషన్ ఎక్కి దిగి, సూది కదల్లేదని అన్నీ వదిలేసి మళ్ళీ కుర్చీలో కూలబడిన వాళ్ళందరి ఉసురూ తమరికీ ఆ మిషన్‌కీ చెరి సగం తగులుతుంది.

కాబట్టి ఇకమీదట తమరితో లెక్కలు మిషన్ మీద కాదు, టేపుతో. ఎత్తులో సగం కన్నా నడుం ఎక్కువ ఉండకూడదని బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే నైస్ అనే సంస్థ వాళ్ళు 2022లో చెప్పారు, గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా తేలిక లెక్క ఉండదు. కొలిచేటప్పుడు తమరి నాటకాలు కుదరవు, ఊపిరి బిగబట్టి కాదు మామూలుగా వదిలాక కొలుస్తా, చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యలో. ప్యాంటు సైజు 34 అని చూపించి తప్పించుకోలేరు, ఆ ప్యాంటు తమరి కింద ఎక్కడో బిక్కుబిక్కుమంటూ ఉంటుంది, దాని సాక్ష్యం చెల్లదు.

ఇంకో మాట. భోజనం అవగానే కుర్చీలో జారగిలబడే తమరి అలవాటు కూడా రద్దయింది. ఇరవై నిమిషాలకోసారి లేచి రెండు నిమిషాలు అటూ ఇటూ తిరిగినా తిన్న తర్వాత షుగర్ తక్కువ పెరుగుతుందని 2012లోనే ఆస్ట్రేలియా వాళ్ళు చూపించారు, కాబట్టి లేచి తిరుగుతా. సాయంత్రం నడక వేరే. తమరికి ఇష్టం ఉన్నా లేకపోయినా వెంట రావాల్సిందే, ఇంట్లో వదిలేసి వెళ్ళే సౌకర్యం ప్రస్తుతానికి లేదు.

ఇట్లు,
తమరి భారవాహి