“24 గంటల టైముంది, కంగారు పడకండి”: స్ట్రోక్ మెసేజ్‌లో ఒక్కో మాటకూ జవాబు

“పక్షవాతమంటే ఇక భయం అక్కర్లేదు. తొడ దగ్గర చిన్న రంధ్రం పెట్టి, వైరు పంపి, ఎవరికైనా మెదడులో గడ్డను లాగేస్తారు. కోత లేదు, కుట్లు లేవు, రిస్క్ లేదు. 24 గంటల్లోపు ఎప్పుడు తీసుకెళ్లినా చాలు. ఖరీదైన ఇంజెక్షన్ దండగ, వద్దనండి, నేరుగా గడ్డ తీయించండి. ఈలోగా ఆస్పిరిన్ వేసి, పది వేళ్ల చివర సూదితో గుచ్చి రక్తం తీయండి.” హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ గ్రూపుల నుంచి చుట్టాల గ్రూపుల దాకా తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది. మొత్తం కట్టుకథే అయితే పట్టించుకోనక్కర్లేదు. ఇందులో కొంత నిజం ఉంది, ఆ నిజాన్ని చూసే జనం మిగతాదంతా నమ్ముతున్నారు.

“24 గంటల్లోపు ఎప్పుడైనా చాలు”

ఈ అంకె గాల్లోంచి పుట్టలేదు. 2018లో వెలువడిన డాన్ ట్రయల్‌లో స్ట్రోక్ వచ్చిన 6 నుంచి 24 గంటల మధ్య గడ్డ తీసి చూశారు, బాగా పనిచేసింది. అదే ఏడాది వచ్చిన డిఫ్యూజ్-3లో 16 గంటల దాకా చూశారు. మెసేజ్ రాసినవారు అక్కడితో చదవడం ఆపేసినట్టున్నారు. ఆ ట్రయల్స్‌లోకి ఎవరిని తీసుకున్నారన్నదే అసలు సంగతి. డాన్‌లో 80 ఏళ్లు, ఆపైబడినవారైతే అప్పటికే చచ్చిపోయిన మెదడు భాగం 21 మిల్లీలీటర్లలోపు ఉంటేనే చేర్చుకున్నారు. అంతకంటే చిన్నవారికి లక్షణాల తీవ్రతను బట్టి 31, 51 మిల్లీలీటర్లు హద్దు. అంటే పెద్ద రక్తనాళం మూసుకుపోయినా పక్క నాళాల గుండా కాస్త రక్తం అందుతూ, గంటలు గడిచినా మెదడులో ఎక్కువ భాగం బతికే ఉన్నవాళ్లు. ఆ పక్క నాళాలు ఎవరికి బాగున్నాయో మంచం పక్కన నిలబడి ఎవరూ చెప్పలేరు. మెదడు నాళాలను చూపే సీటీ యాంజియో, రక్తం ఎక్కడెంత అందుతోందో చూపే పర్‌ఫ్యూజన్ స్కాన్ చెయ్యాల్సిందే. అవి బాగాలేనివారికి మొదటి రెండు మూడు గంటల్లోనే చాలా నష్టం జరిగిపోతుంది. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో కట్టిన లెక్క ఉంది.

ఆ తర్వాత హద్దులు ఇంకా సడలిన మాట నిజమే. చచ్చిన భాగం పెద్దగా ఉన్నా గడ్డ తీస్తే లాభమేనని 2022 నుంచి వరుసగా ట్రయల్స్ వచ్చాయి. కానీ లాభం ఎంతో కూడా చూడాలి. 2023 నాటి సెలెక్ట్-2లో గడ్డ తీసినవారిలో మూడు నెలలకు తమ పనులు తాము చేసుకోగలిగినవారు నూటికి 20 మంది, తీయనివారిలో 7 మంది. 20 మంచి అంకే, కానీ ముందే వస్తే దక్కేది దానికి రెట్టింపు పైనే.

ఇంకో చిక్కు, ఆ గంటలను ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్నది. ఎమర్జెన్సీలో డాక్టర్ మొదట అడిగేది “ఎప్పుడొచ్చింది?” అని కాదు, “ఆయన మామూలుగా ఉండగా ఆఖరిసారి ఎవరు చూశారమ్మా, ఎన్నింటికి?” అని. రాత్రి పదిన్నరకు బాగానే పడుకున్న మనిషి పొద్దున ఆరింటికి లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, గడియారం పదిన్నర నుంచే నడుస్తోంది. ఆరింటికే ఏడున్నర గంటలు అయిపోయాయి. ఇంట్లోవాళ్లు కంగారులో “ఇప్పుడే, ఆరింటికే వచ్చింది సార్” అంటే, వేయకూడని ఇంజెక్షన్ వేసి మెదడులో రక్తస్రావం తెచ్చిపెట్టే ప్రమాదం ఉంది. నిజం చెబితే ఎమ్మారై తీసి, అందులో స్ట్రోక్ తాజాదని తేలితే అప్పటికీ ఇంజెక్షన్ ఇచ్చే వీలుంటుంది.

“ఇంజెక్షన్ దండగ, నేరుగా గడ్డ తీయించండి”

మెసేజ్‌లో అన్నిటికన్నా చెరుపు చేసే వాక్యం ఇదే. గడ్డ కరిగించే ఆల్టిప్లేజ్‌ను నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. మోతాదు కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాములు, ఎంత లావు మనిషికైనా 90 దాటదు. 60 కిలోల మనిషికి 54 మిల్లీగ్రాములు: అందులో పదో వంతు, 5.4, ఒక నిమిషంలో నరంలోకి, మిగతా 48.6 గంటసేపు పంపులో. అదే పనిచేసే టెనెక్టిప్లేజ్ అయితే ఒకేసారి ఇచ్చేస్తారు, పంపు పెట్టుకుని అంబులెన్స్ ఎక్కాల్సిన పని లేదు. సీటీ స్కాన్, ఈ చికిత్స తెలిసిన డాక్టర్ ఉన్న మామూలు ఆస్పత్రిలోనే మొదలుపెట్టి, క్యాథ్ ల్యాబ్ (వైరుతో గడ్డ తీసే గది) ఉన్నచోటికి పంపొచ్చు. సంగారెడ్డి నుంచో భువనగిరి నుంచో వచ్చేవారికి ఇదెంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

పెద్ద గడ్డను ఇంజెక్షన్ ఒక్కటే తెరవడం తక్కువ, అది నిజం. అందుకే రెండూ. ఇంజెక్షన్ మానేసి నేరుగా గడ్డ తీసినా ఫలితం అంతే ఉంటుందేమోనని ఆరు ట్రయల్స్ చేశారు. వాటన్నిటినీ కలిపి 2023లో చూస్తే ఇంజెక్షన్ మానేయడం, రెండూ చేయడంతో సమానమని రుజువు కాలేదు. అలాగని ఇంజెక్షన్ ఇచ్చి “పనిచేస్తుందేమో చూద్దాం” అని కూర్చోకూడదు. మందు ఎక్కుతుండగానే క్యాథ్ ల్యాబ్‌కు తీసుకెళ్లాలి.

ఇక్కడే బీపీ మాట. ఇంజెక్షన్‌కు ముందు బీపీ 185/110 లోపు ఉండాలి. దాన్ని ఆస్పత్రిలో నరం ద్వారా మెల్లగా దించుతారు. 200 కనిపించిందని ఇంట్లో రెండు బీపీ మాత్రలు వేసేస్తే, మూసుకున్న నాళం చుట్టూ అందుతున్న కాస్త రక్తమూ పడిపోతుంది.

“ఎవరికైనా తీసేస్తారు”

తీయరు, తీయలేరు. వైరుతో గడ్డ తీసేది మెడ నుంచి మెదడులోకి వెళ్లే కెరోటిడ్ చివర, మిడిల్ సెరిబ్రల్ ధమని మొదటి భాగం, వెనకవైపు బేసిలార్ లాంటి పెద్ద నాళాలకే. మధ్యరకం నాళాల్లో కూడా తీద్దామని చూశారు, 2025లో వచ్చిన రెండు ట్రయల్స్‌లో అదనపు లాభం కనబడలేదు. షుగర్, బీపీ ఉన్నవారిలో తరచూ వచ్చే లాక్యునార్ స్ట్రోక్‌లో మూసుకునేది వెంట్రుకలాంటి నాళం, అక్కడికి ఏ క్యాథెటరూ (నాళంలోకి పంపే సన్నటి గొట్టం) పోదు. వాటికి మందులే.

ఇక నాళం చిట్లి మెదడులో రక్తం చిమ్మిన స్ట్రోక్‌లో లాగడానికి అడ్డుపడ్డ గడ్డే లేదు. చిన్న రంధ్రం ద్వారా మెదడులో నిలిచిన రక్తం తోడే పద్ధతి వేరే ఉంది. 2024లో వెలువడిన ఎన్‌రిచ్ ట్రయల్‌లో మెదడు పైభాగాల్లో 30 నుంచి 80 మిల్లీలీటర్ల రక్తం చేరినవారికి 24 గంటల్లోపు తోడితే మేలు జరిగింది. బీపీ వల్ల ఎక్కువగా చిమ్మేది లోపలి భాగంలో. అక్కడ ఆ మేలు కనిపించలేదు.

“కోత లేదు కాబట్టి రిస్క్ లేదు”

లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గజ్జల్లో తొడ ధమనిలోకి సూది గుచ్చి షీత్ అనే పొట్టి గొట్టం పెడతారు, తరచూ 8 ఫ్రెంచ్ సైజు, అంటే సుమారు 2.7 మిల్లీమీటర్లు. అందులోంచి గైడ్ క్యాథెటర్ గుండె పైనున్న బృహద్ధమని వంపు దాటి మెడలోకి వెళుతుంది. దాని కొసనున్న బెలూన్ ఉబ్బిస్తే పైకి పోయే రక్తం తాత్కాలికంగా ఆగుతుంది, లాగేటప్పుడు ముక్కలు పైకి కొట్టుకుపోవు. లోపలినుంచి పీల్చే క్యాథెటర్, దానిలోంచి మైక్రోక్యాథెటర్, దానిలో 0.014 అంగుళాల వైరు. వైరు గడ్డను దాటాక మైక్రోక్యాథెటర్ కూడా దాటుతుంది. వైరు తీసేసి స్టెంట్ రిట్రీవర్ అనే సన్నని జాలీని గడ్డలోనే విప్పుతారు. జాలీ గడ్డలోకి దిగడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి, పంపుతో పీలుస్తూ మెల్లగా బయటికి లాగుతారు. మళ్లీ డై ఇచ్చి రక్తం ఎంతవరకు పారుతోందో చూస్తారు.

ఎక్కడ చెడుతుంది? ఏళ్ల తరబడి బీపీ ఉన్న పెద్దవాళ్లలో ఆ వంపు మెలికలు తిరిగి ఉంటుంది. తొడ నుంచి మెడలోకి ఎక్కడానికే ముప్పావుగంట పోవచ్చు, అప్పుడు మణికట్టు నుంచి ప్రయత్నిస్తారు. గుండెలోంచి వచ్చిన కొన్ని గడ్డలు గట్టిగా ఉండి జాలీకి చిక్కవు. మనవాళ్లలో మరో తలనొప్పి: గడ్డ తీశాక దాని కింద కొవ్వుతో సన్నబడిన నాళం బయటపడుతుంది, పది నిమిషాల్లో మళ్లీ మూసుకుంటుంది. అప్పుడు బెలూన్, స్టెంట్, పైగా రక్తం పల్చబరిచే మందులు. ఆ మందులతో రక్తస్రావం భయం పెరుగుతుంది. వైరు గుచ్చుకుని నాళం చిట్లడం అరుదు, కానీ జరిగితే మహా ప్రమాదం. లాగిన ప్రతిసారీ నాళం లోపొర ఒరుసుకుంటుంది కాబట్టి మొదటిసారికే వచ్చేస్తే ఫలితం మెరుగు.

తర్వాత కాలు కొన్ని గంటలు చాచే ఉంచాలి. నడుంనొప్పి అంటూ బీపీ పడిపోతుంటే కడుపు వెనక రక్తం చేరుతోందని అనుమానించాలి. గడ్డ తీశాక బీపీని 120 లోపుకు దించితే మేలుకు బదులు కీడు జరిగిందని 2022లో తేలింది.

ఇన్ని చెప్పినా, చేయించుకోవద్దని ఎవరూ అనుకోకూడదు. 2015లో వచ్చిన ఐదు ట్రయల్స్‌ను కలిపి చూస్తే, తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చినవారు గడ్డ తీసినవారిలో నూటికి 46, మందులే వాడినవారిలో 26. ప్రమాదకరమైన రక్తస్రావం రెండువైపులా నూటికి నలుగురికే. ఇంత లాభమున్న చికిత్స స్ట్రోక్‌లో ఇంకోటి లేదు. అయితే మిగిలిన 54 మందిని మెసేజ్ మింగేసింది.

“ఆస్పిరిన్ వేసి వేళ్లు గుచ్చండి”

వేళ్లు గుచ్చితే వేళ్లకు పుండ్లు తప్ప ఇంకేం కాదు. పక్షవాతానికి కొందరు వాడే పావురం రక్తమూ అంతే. ఆస్పిరిన్ సంగతి వేరు: స్కాన్ చేయకుండా అది నాళం మూసుకుపోయిన స్ట్రోకో, రక్తం చిమ్మిందో తెలియదు, చిమ్మి ఉంటే మరింత చెరుపు. మింగుడు పడని మనిషికి మాత్ర, నీళ్లు, పాలు ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే మాత్రం ఒక చుక్క తీసి చూడండి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం స్ట్రోక్‌లాగే ఉంటుంది.

మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం, వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా వచ్చినా 108కు ఫోన్ చెయ్యండి. సాయంత్రం కూకట్‌పల్లి రోడ్డు మీద సొంత కారులో చిక్కుకుంటే దారి ఇచ్చేవారుండరు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే “క్యాథ్ ల్యాబ్ ఉందా?” అని ఆగకండి, గుండెకు వాడేది చాలాచోట్ల ఉంటుంది. “ఇప్పుడు, ఈ గంటలో, మెదడు గడ్డ తీసే డాక్టర్ ఉన్నారా?” అని అడగండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఆ ఆస్పత్రిలో ఈ చికిత్సకు వర్తిస్తుందో లేదో అక్కడి ఆరోగ్యమిత్ర చెబుతారు, కానీ ఆ వాకబు రోగి స్కాన్‌లో ఉండగా చేయాల్సిన పని.

వాడుతున్న మందుల స్ట్రిప్పులు సంచిలో వేసుకుని రండి. ముఖ్యంగా రక్తం పల్చబరిచే వార్ఫరిన్, అపిక్సబాన్, డబిగాట్రాన్ లాంటివి. వార్ఫరిన్ వాడేవారిలో ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పరీక్ష) 1.7 దాటితే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వరు. అలాంటివారికి పెద్ద నాళం మూసుకుని ఉంటే వైరుతో గడ్డ తీసే దారి అప్పటికీ తెరిచే ఉంటుంది.