శ్రీశ్రీశ్రీ 2,850 మిల్లీమీటర్ల వీల్‌బేస్ గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ ల్యాండ్‌క్రూయిజర్ వీల్‌బేస్ గారికి, అంటే ముందు ఇరుసుకీ (యాక్సిల్) వెనక ఇరుసుకీ మధ్య దూరం గారికి, నమస్కరించి వ్రాయునది.

ఈ మధ్యాహ్నం వేబ్రిడ్జి మీద తమరు చేసిన సన్మానానికి ముందుగా ధన్యవాదాలు. మొత్తం బరువు జీవీఎం (నిండు బండికి అనుమతించిన గరిష్ఠ బరువు) లోపలే ఉంది. ముందు యాక్సిల్ మీద బోలెడంత ఖాళీ. వెనక యాక్సిల్ మాత్రం పరిమితి దాటేసింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. "వ్యాగన్ వెనక సగం కోసి పారేస్తే బండి తేలికవుతుంది, రెండు వరుసల సీట్లూ వెనక సామాను ట్రే ఉన్న డ్యూయల్ క్యాబ్ యూట్ అయ్యాక ఆ ట్రే మీద ఎంతైనా వేసుకోండి" అని మాటిచ్చిన వర్క్‌షాప్ వారు తమరి పేరు ఒక్కసారైనా ఎత్తలేదు.

తమరిది గొప్ప వంశమే. 1990లో వచ్చిన 80 సిరీస్, ఆ తర్వాత 100, 200, 2021లో వచ్చిన 300. ఆరు సిలిండర్లు ఎనిమిదయ్యాయి, మళ్లీ ఆరయ్యాయి. ముందున్న సాలిడ్ యాక్సిల్ పోయి ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది. తమరు ఒక్క మిల్లీమీటరు కదిలితే ఒట్టు! వ్యాగన్‌కి ఆ పట్టుదల ముచ్చటే. వెనక డోరు కింది అంచు చక్రం వంపు చుట్టూ తిరుగుతుంది, సీటు వీపు దాదాపు యాక్సిల్ మీదే ఆనుతుంది. కానీ ఆ సీటు వెనకే గోడ కట్టి కోస్తే ట్రే అంతా యాక్సిల్ అవతల వేలాడుతుంది.

లెక్క చిత్తగించండి. ట్రే మీద బిగించే పెట్టె, అదే క్యానపీ, ఖాళీగా 200 కిలోలు, దాని గరిమనాభి యాక్సిల్‌కి మీటరు వెనక. యాక్సిల్ మీద పడేది 200 కాదు, 270. ఆ అదనపు 70 ముందు చక్రాల నుంచి ఎత్తుకొచ్చినవి. ఇందులో ఇంకా ఫ్రిజ్ లేదు, నీళ్ల ట్యాంకు లేదు, రెండో బ్యాటరీ లేదు. మీటరున్నర వెనకున్న టోబాల్ (ట్రెయిలర్ తగిలించే గుండు) మీద ట్రెయిలర్ 300 కిలోలు మోపితే వెనక 458 పెరుగుతాయి, ముందు 158 మాయమవుతాయి. స్టీరింగ్ తేలిపోతుంది, హెడ్‌లైట్లు కొమ్మల్లో పిట్టల్ని వెతుక్కుంటాయి. దీనికి మందంటూ గట్టి స్ప్రింగులూ, కాయిల్ లోపల గాలి బ్యాగులూ అమ్ముతారు. అవి బండి తోకను పైకెత్తుతాయి గానీ యాక్సిల్ మీద ఒక్క కిలో తగ్గించవు. ఆస్ట్రేలియా నిబంధనలో వెనక వేలాడే భాగం వీల్‌బేస్‌లో 60 శాతం మించకూడదు. అంటే తమరి దయవల్ల 1,710 మిల్లీమీటర్లే. పొడుగు ట్రే ఆశ అక్కడే ఆవిరి.

సరే, నువ్వు జరగవు కాబట్టి నిన్నే కోయాలి. ఇక మర్యాదలెందుకు? యాక్సిల్‌ని 300 వెనక్కి జరిపి 3,150 చేస్తే, అదే చోటున్న అదే క్యానపీ 244 కిలోలవుతుంది. 650 జరిపి 3,500 చేస్తే 220. ఆ 300 కోసం ఎంత చాకిరీయో తెలుసా? బ్యాటరీ తీసి, ఫ్యూయల్ ట్యాంకు దింపి, ఛాసిస్ తిన్నగా ఉన్నచోట మెట్టులా కోయాలి. నిలువుగా ఒకే గీతలో కోస్తే పగులు వచ్చేది సరిగ్గా ఆ గీత మీదే. లోపల స్లీవు, బయట చివర్లు ఏటవాలుగా ఉన్న ప్లేట్లు. ప్లేటు చివర అడ్డంగా వెల్డ్ లాగావంటే, పగులును చేతులారా పిలిచినట్టే. కోతకు వెనకున్న క్యాబ్ మౌంట్లు కూడా జరిగిపోతాయి గనక కొత్తవి కట్టాలి. ప్రొపెల్లర్ షాఫ్టు పొడిగించి బ్యాలెన్స్ చేయించాలి. బ్రేకు పైపులు, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు, ఏబీఎస్ వైర్లు, డిఫ్ బ్రీదర్ గొట్టం, సైలెన్సర్, ఏదీ అందదు. 80లో వెనక బరువును బట్టి బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వు ఒకటుంది, దాన్ని మళ్లీ సర్దకపోతే వెనక చక్రాలు తోచినప్పుడు పట్టుకుంటాయి. ఇంతా చేశాక డోరు కింద చక్రం లేని చోట చక్రం వంపు! దాన్ని పూడ్చే రేకు పని వేరే. ఇంకా చెప్పనా? వీల్‌బేస్ పెరిగినంత మాత్రాన యాక్సిల్ పరిమితి పెరగదు, జీవీఎం పెరగదు.

తతిమ్మా కోత పనుల మీదా రెండు ముక్కలు. పైకప్పు కోసేముందు డోరు ఖాళీల్లో 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు ఐమూలగా బిగించకపోతే తర్వాత డోర్లు పడవు. పల్చటి రేకును ఒక్క ఊపులో వెల్డ్ చేస్తే అప్పడంలా లేస్తుంది. చుక్కచుక్కగా, దూరందూరంగా, చల్లారనిచ్చి వేయాలి. 200లో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు పైకప్పు అంచు వెంట వెనక దాకా పాకి ఉంటాయి, గ్రైండర్ పట్టేవాడికి అది తెలిసుంటే మంచిది. పిల్లల సీటు పట్టీ కొక్కేలు కోసిన ముక్కతో పోతాయి, కొత్తవాటికి ఇంజనీరు ఒప్పుకోవాలి. క్యాబిన్ గాలి బయటికిపోయే వెంట్లు కూడా ఆ ముక్కలోనివే. వెనక గోడకు వెంటు పెట్టకపోతే డోరు వేసినప్పుడల్లా చెవులు దిమ్మెక్కుతాయి.

ఆస్ట్రేలియాలో గూడ్స్ బండిగా నమోదు చేయించబోతే ఇంకో మెలిక. సీటుకు 68 కిలోల చొప్పున ఐదు సీట్లకు 340. జీవీఎంలోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదాంట్లో సగం దీనికంటే ఎక్కువుండాలి, అంటే 680 దాటాలి. స్టీలు ట్రే, స్టీలు బంపరు, వించి వేసుకున్నాక చూడండి ఎంత మిగులుతుందో. వెల్డు మీద రంగు పూసేశాక ఇంజనీరును పిలిస్తే ఆయన సంతకం పెట్టడు, లోపల ఏముందో చూపించమంటాడు. ఆయనతో మాట్లాడాల్సింది గ్రైండర్ ప్లగ్గు పెట్టకముందు. మన భారతదేశంలో ఈ బాధే లేదు: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చూపించి ఆర్టీవో మొదటి కోతకే దండం పెట్టిస్తాడు.

అయినా తమరి మీద పూర్తిగా కోపం రాదు, అదే చిక్కు. గుట్ట ఎక్కి దిగేచోట 3,500 బండి పొట్ట రాయికి ఆనుతుంది, తమరు దాటిపోతారు. ఇరుకు మలుపులో అది రెండుసార్లు వెనక్కి తీస్తుంటే తమరు ఒక్క తిప్పుతో తిరుగుతారు. 2012లో వచ్చిన 79 డ్యూయల్ క్యాబ్‌కి కంపెనీయే 3,180 ఇచ్చినా, ఆ కొలత ఒకే వరుస సీట్ల సింగిల్ క్యాబ్‌దే కావడంతో డ్యూయల్ క్యాబ్ ట్రే కూడా వెనక్కే వేలాడుతుంది. ఆ బండికి సైతం ఛాసిస్ పొడిగించుకునే వాళ్లున్నారంటే, తప్పంతా తమరిదే అనడానికి నోరు రావడం లేదు.

కాబట్టి ప్రస్తుతానికి క్యానపీ దించేస్తున్నాం. నీళ్ల ట్యాంకు ట్రే మీంచి ఛాసిస్ పట్టాల మధ్యకు, యాక్సిల్‌కి ముందుకు వస్తుంది. రెండో బ్యాటరీ బానెట్ కిందికి. మళ్లీ ఒక్కో యాక్సిల్ విడివిడిగా, ట్యాంకులు నిండుగా, మనుషులతో సహా తూకం. అప్పటికీ తూకం ముల్లు పరిమితి దాటితే గ్రైండర్‌తోనే సమాధానం.

ఇట్లు,
వెనక యాక్సిల్ బాధితుల తరఫున

తా.క.: స్పేర్ చక్రం కూడా తమరి వెనకే వేలాడుతోంది.