నగరం నడిబొడ్డున వెలసిన ఐదు నక్షత్రాల హోటలు గారికి

మహారాజశ్రీ ఐదు నక్షత్రాల హోటలు గారి దివ్య సముఖానికి,

మీ అతిథి ఒకరు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. పరుపు మెత్తగా ఉంది, ఏసీ చల్లగా ఉంది, ఎదురుపడ్డ ప్రతివాళ్లూ నవ్వుతున్నారు. కాబట్టి దీన్ని ఫిర్యాదు అనుకోకండి, సందేహం అనుకోండి. ఇంతకీ మీరు నాకు అమ్మింది గదినా, ఊరినా?

ప్రకటనలో ఉన్నది ఊరే. మ్యూజియం కూతవేటు దూరం, నాటకశాల రెండు మలుపులు, షాపింగ్ వీధికి గుమ్మం దిగితే చాలు. ఇలాంటి పరుపూ ఇలాంటి షవరూ ఊరి చివర ఇంతకంటే చాలా తక్కువకే దొరుకుతాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ పైన కట్టినదంతా మీ అడ్రసుకి కట్టిందే. అలాంటప్పుడు నేను బయటికి వెళ్లి ఆ ఊరిని చూడాలా, వద్దా?

మీ గడియారం వద్దంటోంది. మధ్యాహ్నం మూడింటికి గది ఇస్తారు, మర్నాడు పదకొండింటికి ఖాళీ చేయమంటారు. భూమికి రోజంటే 24 గంటలు, మీకు 20. పోనీయండి, పెద్దవాళ్ల లెక్కలు మాకెందుకు? కానీ మ్యూజియాలు మామూలుగా పదింటికి తెరిచి ఐదారింటికి మూస్తాయి. ఈ రెండు టైంటేబుళ్లనీ ఎప్పుడైనా పక్కపక్కన పెట్టి చూశారా? గది చేతికొచ్చి, సూట్‌కేసు లోపల పెట్టి, ముఖం కడుక్కుని బయల్దేరేసరికి అక్కడ టికెట్లు ఆపేస్తారు. మర్నాడు వాళ్లు తలుపులు తీసే వేళకి నేను మీ గదిలో చార్జర్ వెతుక్కుంటూ ఉంటాను. ఒక్క రాత్రి బసకి వచ్చినవాడికి గది ఉన్నప్పుడు ఊరుండదు, ఊరు ఉన్నప్పుడు గది ఉండదు. మధ్యలో ఏదో కాస్త ఉదయం మిగిలితే దాన్ని మీ 'ఉచిత' అల్పాహారం మింగేస్తుంది. రేటులో కలిపేసి ఉచితం అన్నాక అది వదిలి వెళ్లడానికి ఎవరికి మనసొప్పుతుంది చెప్పండి! పైగా చాలా మ్యూజియాలకి సోమవారం సెలవు, పారిస్‌లో లూవ్ర్‌కి మంగళవారం. మీకు ఏ వారమూ సెలవు లేదు. వారాన్ని బట్టి రేటు మాత్రం మారుతుంది.

షాపులకి ఈ ఇబ్బందేమీ లేదు. పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి. లిఫ్టు దిగి అద్దాల వంతెన మీద నడిస్తే మీ ఏసీలోంచి మాల్ ఏసీలోకి, చెమట పట్టకుండా. మ్యూజియానికి వెళ్లాలంటే మాత్రం ఎండలో ఆరు వరసల రోడ్డు దాటాలి. సిగ్నల్ మారేలోపు సగమే దాటగలం. మిగతా సగం డివైడర్ మీద నిలబడి ఊరి సంస్కృతిని తలుచుకోవాలి. ఆ వంతెన ఎటు వేయాలో నిర్ణయించిన వాళ్లకి కళల మీద కోపమని నేననను. పురాతన విగ్రహాలు సాయంత్రంపూట సంచులు మోసుకుంటూ మీ బార్‌కి రావు, అంతే.

ఇది మీకూ ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. అందుకే సంస్కృతిని గదికే తెప్పించారు. మంచం పైన గోడకి ఊళ్లోని ఒక పాత కట్టడం ఫోటో, ఎదురుగా కిటికీలో అదే కట్టడం. అది కనబడే గదికి 'వ్యూ' అని ఒక రేటు. కనబడని గదివాళ్లకి ఏసీ గొట్టాల దర్శనం, అదింకా ఉచితంగానే ఉంది. కిటికీ తెరుచుకోదు. హారన్ వినబడదు, వాన వాసన రాదు. నేనింత పోసి కొనుక్కున్న నగరం సౌండు ఆపేసిన టీవీలా ఆడుతూ ఉంటుంది.

మీ వంశాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1898లో సీజర్ రిట్జ్ పారిస్‌లో తన పేరున హోటలు తెరిచి గదుల్లోనే స్నానాల గది, కరెంటు దీపాలు పెట్టించినప్పుడు అది నిజంగా విడ్డూరమే. ఆ విడ్డూరం పెరిగి పెరిగి ఇప్పుడు మంచం పక్కన పన్నెండు స్విచ్చులైంది. అర్ధరాత్రి అన్నీ ఆర్పినా మంచం కింద ఒక నీలం వెలుగు మాత్రం ఆరదు. అది దేనికో ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఇక బాత్రూంలో ఆ చిన్న కార్డు. తువ్వాలు మళ్లీ వాడుకుంటే భూగోళాన్ని కాపాడినవాణ్ణవుతానట. సరే, కాపాడాను. తర్వాత లాబీకి వస్తే రెండంతస్తుల ఎత్తు జలపాతం, పగలు కూడా వెలిగే షాండిలియర్లు, లోపల కోటు వేసుకోవాల్సినంత చలి. 1986లోనే జే వెస్టర్‌వెల్డ్ అనే పర్యావరణవాది ఈ తువ్వాళ్ల కార్డుల మీద వ్యాసం రాసి, ఈ పనికి గ్రీన్‌వాషింగ్, అంటే పర్యావరణ ప్రేమ పైపూత, అని పేరు పెట్టేశాడు. మీరు ఆ వ్యాసం చదివినట్టు లేరు. కార్డు మాత్రం రీసైకిల్ చేసిన కాగితం మీద అచ్చువేయించారు.

ఒక్కటి ఒప్పుకుంటాను. కోటు కాలర్ మీద బంగారు తాళంచెవులు రెండు అడ్డంగా తగిలించుకుని మీ లాబీలో కూర్చుని అతిథులకి ఊరి దారులు చెప్పే కాన్సియర్జ్ అనే పెద్దమనిషికి ఊరు నిజంగా తెలుసు. ఆ తాళంచెవుల సంఘం 1929లో పారిస్‌లో మొదలైంది, అవి ఊరికే రావు. ఏ గ్యాలరీకి ఎప్పుడు వెళితే జనం తక్కువో ఆయన నోటితో చెబుతాడు. చేతికిచ్చే మ్యాప్ మాత్రం మీది. అందులో నగలషాపులు రంగుల్లో, గ్రంథాలయం చుక్కంత.

ఆయన తర్వాత ఊరు తెలిసింది గది సర్దడానికి వచ్చిన ఆవిడకి. కిటికీలో కనబడే కట్టడం గురించి అడిగితే, చిన్నప్పుడు స్కూల్‌వాళ్లు తీసుకెళ్లారు, మళ్లీ కుదరలేదంది. రోజూ రెండు బస్సులు మారి వస్తుందట. మీ బ్రోషర్ ప్రకారం ఇక్కడికి అన్నీ దగ్గరే, ఆవిడ ఇల్లు తప్ప.

మనవి ఏమిటంటే, ఆ వంతెనకి మ్యూజియం వైపు ఒక కొమ్మ వేయించండి. అది కుదరకపోతే పదకొండింటి తలుపు దెబ్బని కనీసం రెండింటికి జరపండి. అదీ కాదంటే ప్రకటనలో 'అన్నిటికీ దగ్గర' అన్నచోట 'అన్నీ కనబడును' అని మార్చేయండి. అప్పుడు మాకూ టెన్షన్ ఉండదు.

ఇట్లు,
14వ అంతస్తు అని మీరు పిలిచే 13వ అంతస్తు నుంచి,
మీ అతిథి

తా.క.: బిల్లులో మినీబార్ (గదిలో సీసాలు పెట్టే చిన్న ఫ్రిజ్) పేరున వేసిన సీసా నేను తాగలేదు. మందుల డబ్బా పెట్టుకుందామని పక్కకి జరిపానంతే. 1974లో హాంకాంగ్ హిల్టన్ గదుల్లో మినీబార్లు పెట్టిన రోజుల్లో ఎవరో ఒకరు వచ్చి సీసాలు లెక్కపెట్టుకునేవాళ్లు. మీ సెన్సర్‌కి ఎత్తడమూ తాగడమూ ఒకటే. మూత కూడా తీయలేదు, ఎవరినైనా పంపి చూసుకోండి. పదకొండులోపే పంపండి.