మొక్కలకు రిజిస్టరు ఉంది, చెట్లకు జవాబుదారీ లేదు

కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. బజారులో తెలుగు, ఆఫీసులో మరాఠీ, లోపలి గూడేల్లో గోండుల మాడియా భాష. చుట్టూ అడవి. ఆ అడవి సర్కారుది, కాపలా అటవీ శాఖది. లెక్క మాత్రం ఎవరు ఎవరికి చెప్పాలో తేలదు. పర్యావరణం గురించి గొంతెత్తేవాళ్లం కూడా ఈ ప్రశ్న దగ్గరే నీరసపడతాం. చెట్టు నరకొద్దని నినాదం ఇవ్వడం ఒక పూట పని. నరికినదానికీ నాటినదానికీ లెక్క తీయించడం ఏళ్ల తరబడి సాగే చాకిరీ. దానికి ఫొటోగ్రాఫర్లు రారు.

మహారాష్ట్ర 2017 నుంచి 2019 దాకా 50 కోట్ల మొక్కలు నాటుతామని ఊరూరా హడావిడి చేసింది. ఒక్క 2019 లక్ష్యమే 33 కోట్లు. ఆ తర్వాత ఎన్ని బతికాయన్న అనుమానం అసెంబ్లీ దాకా వెళ్లి, 2021లో ఎమ్మెల్యేల కమిటీతో విచారణ ప్రకటించాల్సి వచ్చింది. గుంత తవ్విన రోజే పని పూర్తయినట్టు రాసుకునే చోట ఇంతకన్నా ఏం జరుగుతుంది? ఎండిపోయిన మొక్క ఏ రిజిస్టరుకూ ఎక్కదు.

డబ్బు లేక ఇలా జరుగుతోందనుకుంటే పొరపాటు. గనికో డ్యామ్‌కో అడవిని ఇచ్చినప్పుడు వసూలు చేసే కాంపా నిధి నుంచి 2019లో కేంద్రం రాష్ట్రాలకు 47 వేల కోట్లకు పైగా పంపింది. అందులో అన్నిటికన్నా పెద్ద వాటా, దాదాపు 5,900 కోట్లు, ఒడిశాది. అంత పెద్ద వాటా వచ్చిందంటే అంత అడవి పోయిందని అర్థం. అడవి పోయేది ఒక ఊళ్లో, మొక్కలు నాటేది ఇంకో చోట. పోగొట్టుకున్న ఊరికి వెళ్లి చూసి రావడం కుదరదు, అడగడమూ కుదరదు.

ఇదే గడ్చిరోలిలో వేరే తీరు కూడా ఉంది. ధనోరా తాలూకాలోని మెండా లేఖా గ్రామానికి 2006 అటవీ హక్కుల చట్టం కింద 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు దక్కింది. పట్టా చేతికొచ్చినా వెదురు అమ్ముకోనివ్వలేదు. వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తేనని చట్టంలోనే రాసి ఉన్నా, రవాణా పర్మిట్ల పుస్తకం శాఖ తన బీరువాలోనే ఉంచుకుంది. చివరికి 2011 ఏప్రిల్‌లో కేంద్రమంత్రి జైరాం రమేశ్, ముఖ్యమంత్రి పృథ్వీరాజ్ చవాన్ స్వయంగా ఊరికొచ్చి ఆ పుస్తకం గ్రామసభకు అప్పగించారు. ఒక్క పర్మిట్ పుస్తకం కోసం ఇద్దరు పెద్దలు ఊరిదాకా రావాల్సి వచ్చిందంటే, అధికారం ఎక్కడ బిగుసుకుని ఉంటుందో చూడండి.

గ్రామసభ చేతికి అడవి వస్తే అంతా సవ్యమైపోతుందని నేననను. తునికాకు వేలం తామే వేసుకున్న సభలను గుత్తేదారులు బకాయిలతో ముంచిన సందర్భాలున్నాయి. సభలోనూ మాట పెద్దవాళ్లదే నడుస్తుంది. కాకపోతే అక్కడ డబ్బు ఏమైందని అడగడానికి జిల్లా కేంద్రానికి బస్సెక్కక్కర్లేదు. అడగాల్సిన మనిషి పక్క వాకిట్లోనే ఉంటాడు. అటవీ అధికారి బదిలీ మీద వెళ్లిపోతాడు, లెక్క కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది.

ఒడిశా వైపు, తెలుగువాళ్లు బాగానే ఉన్న రాయగడ జిల్లాలో, గ్రామసభ మాటకున్న బలం దేశమంతా చూసింది. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో నియమగిరి కొండల్లో బాక్సైట్ గని తవ్వాలా వద్దా అన్న సంగతి సభలకే వదిలితే, రాయగడ, కలహండి జిల్లాల్లో సభలు జరిగిన 12 ఊళ్లూ గని వద్దన్నాయి. తొమ్మిదేళ్లు తిరిగేసరికి, 2022 అటవీ సంరక్షణ నిబంధనలు ఆ మెట్టును పక్కకు జరిపాయి. కేంద్రం తుది అనుమతి ఇచ్చేలోపు ఊరి సమ్మతి తీసుకుని తీరాలన్న షరతు పోయింది. హక్కుల సంగతి తర్వాత రాష్ట్రం చూసుకోవాలట. జాతీయ ఎస్టీ కమిషన్ అభ్యంతరం చెప్పినా కేంద్రం వెనక్కి తగ్గలేదు. అనుమతి వచ్చేశాక అడిగేది సమ్మతి ఎలా అవుతుంది?

చట్టం మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. సిరొంచ డివిజన్‌లో గత అయిదేళ్లలో మొక్కలు నాటిన ప్లాట్లు ఏవి, అడవిలో ఏ కంపార్టుమెంటులో, అంటే శాఖ నంబరు వేసిన ఏ ముక్కలో ఉన్నాయి, ఎంత ఖర్చయింది, మూడో ఏట ఎన్ని మొక్కలు మిగిలాయి? సమాచార హక్కు కింద ఇవి అడగడానికి ఫీజు పది రూపాయలు. మహారాష్ట్ర నిబంధన ప్రకారం దరఖాస్తు మామూలుగా 150 మాటలు దాటకూడదు, ఒకే విషయం మీద ఉండాలి. మరాఠీ బడిలో చదివిన పిల్లలు తెలుగిళ్లలో బోలెడుమంది ఉన్నారు కాబట్టి రాయడం కష్టం కాదు. జవాబొచ్చాక ఆ జాబితా పట్టుకుని ప్లాటుకు వెళ్లాలి. పశువులు కాసేవాళ్లను వెంటబెట్టుకుంటే మంచిది. ఏ మొక్క ఎప్పుడు ఎండిందో బీట్ గార్డు కంటే వాళ్లకే బాగా తెలుసు.