‘చెవికి బాగుంటే అదే సరైన జవాబు’ అన్న ప్రచారానికి ఖండన

పోటీ పరీక్షలకు చదువుతున్న మన పిల్లల ఫోన్లలో కొన్ని నెలలుగా ఒక సందేశం తిరుగుతోంది. విశాఖలోని ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల మెట్ల మీద, పౌర గ్రంథాలయంలో, మద్దిలపాలెం హాస్టల్ గదుల్లో దాన్ని నాకు చూపించి “ఇది నిజమేనా సార్?” అని అడిగినవారు పదిమందికి తక్కువ ఉండరు. ఆ సందేశం సారాంశం ఇది: “ఇంగ్లిష్ సెక్షన్ కోసం గ్రామర్ చదవడం దండగ. వాక్యాన్ని మనసులో చదువుకుని చెవికి ఏది బాగుంటే అది పెట్టేయండి. అంత నమ్మకం లేకపోతే వంద షార్ట్‌కట్‌లు బట్టీ పడితే చాలు. ‘నో ఎర్రర్’ (వాక్యంలో తప్పు లేదు) అనే ఆప్షన్ ఎప్పుడూ జవాబు కాదు. తెలుగు మీడియం వాళ్లు ఇంగ్లిష్ వదిలేసి లెక్కల్లో, రీజనింగ్‌లో మార్కులు తెచ్చుకోవడం మేలు. తప్పదనుకుంటే చివరి పదిహేను రోజులు రోజుకో మాక్ టెస్ట్ రాయండి, అదే వచ్చేస్తుంది.”

ఈ ఊళ్లో పన్నెండేళ్లుగా ఇంగ్లిష్ వ్యాకరణం చెబుతున్నవాణ్ని కనుక, ఈ మాటలను నమ్మి ఏడాది పోగొట్టుకున్నవారిని దగ్గర నుంచి చూసినవాణ్ని కనుక, ఒక్కో మాటకూ సమాధానం చెప్పవలసిన బాధ్యత నాకు ఉందని అనుకుంటున్నాను.

చెవి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే మిగిలిన పొరపాట్లన్నీ దీని నుంచే పుట్టాయి. చెవి నమ్మదగినదే, కానీ అది ఏ భాష వింటూ పెరిగిందో ఆ భాషకే నమ్మదగినది. మన చెవి తెలుగు చెవి. శృంగవరపుకోట నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటూ బ్యాంకు పరీక్షలకు చదువుతున్న ఒక అమ్మాయి కిందటి వేసవిలో నా దగ్గరికి ఒక ప్రశ్నపత్రం తెచ్చింది. అందులో “ఐ యామ్ లివింగ్ ఇన్ గాజువాక సిన్స్ ఫైవ్ ఇయర్స్” అన్న వాక్యానికి ఆమె తప్పు లేదని గుర్తు పెట్టింది. ఆ ఒక్క వాక్యంలో తప్పులు రెండున్నాయి. “చెవికి బాగానే ఉంది కదా సార్” అని ఆ అమ్మాయి అన్న మాటలో అబద్ధమేమీ లేదు. “నేను అయిదేళ్ల నుంచి గాజువాకలో ఉంటున్నాను” అన్న తెలుగు వాక్యాన్ని మాటకు మాటగా ఇంగ్లిష్‌లోకి దింపితే సరిగ్గా అదే వస్తుంది. మనకు “2019 నుంచి” అన్నా, “అయిదేళ్ల నుంచి” అన్నా ఒకటే ‘నుంచి’. ఇంగ్లిష్ వారికి మొదలైన సమయం చెప్పడానికి ‘సిన్స్’, గడిచిన వ్యవధి చెప్పడానికి ‘ఫర్’ వేర్వేరుగా ఉన్నాయి. అలాగే మనం ‘ఉంటున్నాను’ అని వర్తమానంలో చెప్పేదాన్ని వారు ‘హావ్ బీన్ లివింగ్’ అని, గతంలో మొదలై ఇప్పటిదాకా సాగుతున్న పనిగా చెబుతారు. అందుకే ఆ తేడా ఆ అమ్మాయి చెవికి అందలేదు.

ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. మనం జ్వరంతో బాధపడతాం కనుక ‘సఫరింగ్ విత్ ఫీవర్’ అన్నది మనకు సహజంగా వినిపిస్తుంది, ఇంగ్లిష్‌లో అక్కడ ‘ఫ్రమ్’ ఉండాలి. ఒకరు నాకంటే సీనియర్ కనుక ‘సీనియర్ దేన్ మి’ అనేస్తాం, అక్కడ ‘టు’ రావాలి. ఒక విషయం గురించి చర్చిస్తాం కనుక ‘డిస్కస్ అబౌట్’ అంటాం, ‘డిస్కస్’ పక్కన ఏ ప్రిపోజిషనూ అక్కర్లేదు. ‘నిన్న చూశాను’, ‘ఇదివరకే చూశాను’ అనే రెండు చోట్లా మనకు ‘చూశాను’ అన్న ఒక్క రూపమే ఉంది కనుక, ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అంటే మన చెవి అభ్యంతరం చెప్పదు. ఇక ‘ఎ’, ‘యాన్’, ‘ది’ అనే ఆర్టికల్స్ తెలుగులో అసలు లేవు. లేనిదాన్ని చెవి ఎలా పట్టుకుంటుంది? పైగా ఈ పొరపాట్లను మన చుట్టూ అందరూ, చదువు చెప్పేవారితో సహా, రోజూ మాట్లాడుతూనే ఉంటారు. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఇవన్నీ తెలుసు. తప్పును ఎక్కడ పెడితే భారతీయ విద్యార్థి చెవి దాటిపోతుందో చూసుకునే అక్కడ పెడతారు. అందుచేత తర్ఫీదు లేని చెవిని నమ్మి జవాబు పెట్టడం కళ్లు మూసుకుని పెట్టడం కంటే కూడా నష్టం కావచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) పెట్టే సీజీఎల్ పరీక్ష రెండో దశలో ఒక్కో ప్రశ్నకు 3 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. అంటే చెవి మోసం చేసిన ప్రతిచోటా సరైన జవాబు రాసినవారికీ మనకూ 4 మార్కుల తేడా వస్తుంది.

వంద షార్ట్‌కట్‌ల మాట దీనికంటే ప్రమాదకరం, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. ‘నో సూనర్’ తర్వాత ‘దేన్’, ‘హార్డ్లీ’ తర్వాత ‘వెన్’, ‘లెస్ట్’ తర్వాత ‘షుడ్’ వంటివాటిని కంఠతా పట్టక తప్పదు, అందులో వాదనేమీ లేదు. అయితే షార్ట్‌కట్ అనేది మాటను చూస్తుంది గాని అర్థాన్ని చూడదు. ‘ఇఫ్ ఉన్న భాగంలో విల్ రాదు’ అన్నది అందరూ బట్టీ పట్టే సూత్రం. దాని ప్రకారం “ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్” అన్న వాక్యంలో తప్పు ఉందని గుర్తు పెట్టేవారు ఎంతోమంది. ఆ వాక్యం నిక్షేపంగా ఉంది. దాన్ని తెలుగులో చెప్పుకుంటే సందేహం తీరిపోతుంది. ‘ఇఫ్’కు ‘వస్తే’ అన్నట్టు ‘-తే’ అర్థం ఉన్నప్పుడు ‘విల్’ రాదు. ‘వస్తాడో రాడో’ అన్న అర్థం ఉన్నప్పుడు ‘విల్’ రావచ్చు. మన ‘వస్తే’లో కూడా భవిష్యత్తును చూపే గుర్తేదీ లేదని గమనించండి: “నువ్వు వస్తే నేను వస్తాను” అంటాం, భవిష్యత్తు రెండో సగంలోనే ఉంటుంది. ‘సిన్స్ కనిపిస్తే పర్ఫెక్ట్ టెన్స్ రావాలి’ అన్న సూత్రం కూడా ఇంతే. ‘సిన్స్’కు ‘నుంచి’ అని అర్థమైతేనే అది వర్తిస్తుంది, ‘కాబట్టి’ అని అర్థమైతే వర్తించదు. ‘టు తర్వాత క్రియ మొదటి రూపమే’ అన్న సూత్రం ‘లుక్ ఫార్వర్డ్ టు’ దగ్గర కూలిపోతుంది, అక్కడ ‘మీట్’ కాదు, ‘మీటింగ్’ అనే ఉండాలి. నేను కొంతకాలం పాఠాలు చెప్పిన ఒక శిక్షణ సంస్థ పిల్లలకు పంచిన సూత్రాల పుస్తకంలోనే ‘లుక్ ఫార్వర్డ్ టు మీట్’ సరైనదని అచ్చయి ఉంది. దాన్ని సరిచేయించడానికి రెండు బ్యాచ్‌లు పట్టింది, ఈలోగా ఆ పుస్తకాన్ని కంఠతా పట్టినవారు పట్టేశారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

‘నో ఎర్రర్ ఎప్పుడూ జవాబు కాదు’ అన్నది పూర్తిగా అబద్ధం. దీనికి వాదన కూడా అక్కర్లేదు, కమిషన్ విడుదల చేసే అధికారిక కీలను తీసి చూస్తే చాలు. చూడడానికి తప్పులా ఉండి నిజానికి సరైన వాక్యాలు ఇంగ్లిష్‌లో చాలా ఉన్నాయి: “టెన్ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ డిస్టెన్స్”, “మెనీ ఎ స్టూడెంట్ హాజ్ ఫెయిల్డ్”, “ఎవ్రీ బాయ్ అండ్ ఎవ్రీ గర్ల్ వాజ్ ప్రెజెంట్”. చెవిని నమ్ముకున్నవారు వీటిలో తప్పు వెతికి మరీ పట్టుకుంటారు, మూడో సలహా వారికి తోడైతే వెనక్కి తిరిగి చూసుకునే అవకాశం కూడా పోతుంది.

నన్ను అన్నిటికంటే నొప్పించినది నాలుగో మాట. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచీ మన్యం నుంచీ విశాఖకు వచ్చే పిల్లల్లో ప్రభుత్వ బడుల్లో తెలుగులో చదువుకున్నవారు చాలామంది. వారికి ‘మీకు ఇది చేతకాదు, వదిలేయండి’ అని చెప్పడం అన్యాయం, లెక్క ప్రకారం చూసినా అది తప్పే. బ్యాంకు ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పీవో పరీక్ష తొలి దశ అయిన ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్‌కు 30 ప్రశ్నలు, దానికి విడిగా 20 నిమిషాలు. ఆ సమయాన్ని లెక్కలకు వాడుకోవడానికి వీలుండదు. ప్రతి విభాగంలోనూ కటాఫ్ దాటాలి కనుక, లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నా ఇంగ్లిష్‌లో పోతే మొత్తం పోయినట్టే. సీజీఎల్ మొదటి దశలో 200 మార్కుల్లో 50 ఇంగ్లిష్‌వి. రెండో దశ మొదటి పేపర్లో మార్కులు లెక్కకు వచ్చే 390లో 135 దానివే, అంటే మూడో వంతుకు పైనే. రాష్ట్ర పరీక్షలే రాస్తాం అనుకున్నా గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లిష్ పేపర్ అర్హత సాధించి తీరవలసినదే. కాబట్టి వదిలేసే దారి అసలు లేదు.

తెలుగు బాగా వచ్చినవారికి వాక్య సవరణలో ఉన్న బలం గురించి ఎవరూ చెప్పడం లేదు. కర్తరి, కర్మణి వాక్యాలు, ప్రత్యక్ష, పరోక్ష కథనాలు, సామాన్య, సంయుక్త, సంక్లిష్ట వాక్యాలు అనేవి మన బడి తెలుగు పుస్తకాల్లోనే ఉన్నాయి. వాయిస్, నేరేషన్ అన్న పేర్లతో పరీక్షలో అడిగేది అవే. ఒక ఉదాహరణ తీసుకుందాం: “ది క్వాలిటీ ఆఫ్ ది మ్యాంగోస్ సోల్డ్ ఎట్ ది రైతు బజార్ వర్ పూర్.” ఇందులో ‘వర్’ తప్పు, ‘వాజ్’ ఉండాలి. ఇంగ్లిష్ మీడియంలో చదివినవారు కూడా ఇక్కడ జారిపోతారు, ఎందుకంటే కర్తకూ క్రియకూ మధ్య మామిడి పండ్లు, రైతు బజారు వచ్చి కూర్చున్నాయి. అదే వాక్యాన్ని తెలుగులో చెప్పండి: “రైతు బజారులో అమ్మిన మామిడి పండ్ల నాణ్యత బాగోలేదు.” మన భాషలో విశేషణాలన్నీ ముందుకు వెళ్లి, అసలు కర్త అయిన ‘నాణ్యత’ క్రియ పక్కకు వచ్చి నిలబడింది. ‘పండ్ల నాణ్యత బాగోలేవు’ అని ఏ తెలుగువాడూ అనడు. వాక్యం ఎంత పొడవున్నా, మధ్యలో ఎన్ని మాటలు అడ్డం వచ్చినా, మనసులో ఒక్కసారి తెలుగు చేసుకుంటే కర్త దొరుకుతుంది.

ఇంకొకటి చూడండి: “వాకింగ్ ఎలాంగ్ ది బీచ్ రోడ్, ది సబ్‌మెరైన్ లుక్డ్ హ్యూజ్.” దీన్ని తప్పని గుర్తించలేకపోయిన ఒక కుర్రాణ్ని తెలుగులో చెప్పమన్నాను. “బీచ్ రోడ్డులో నడుస్తూ జలాంతర్గామి చాలా పెద్దదిగా కనిపించింది” అన్నాడు, అని తనే ఆగిపోయాడు. “నడిచింది ఎవరు మాస్టారూ, కురుసురా?” అని అడిగాడు. కురుసుర అంటే బీచ్ రోడ్డు పక్కన మ్యూజియంగా నిలిపి ఉంచిన జలాంతర్గామి. ‘నడుస్తూ’ అన్న శత్రర్థకానికీ చివరి క్రియకూ కర్త ఒకరే కావాలన్నది మన వ్యాకరణంలోనూ ఉన్న నియమమే. ఇంగ్లిష్‌లో దానికి డాంగ్లింగ్ మాడిఫయర్ అన్న పేరు పెట్టి కొత్త విషయంలా నేర్పుతున్నాం గాని, ఆ కుర్రాడికి అది ముందే వచ్చు. ‘వియ్’ అనే కర్తను తెచ్చి ఆ వాక్యాన్ని ఎలా సరిచేయాలో కూడా నేను చెప్పనవసరం లేకుండానే రాశాడు.

అయితే తెలుగులోకి మార్చి చూసుకోవడం అన్నిచోట్లా పనిచేయదని కూడా చెప్పాలి. కర్తను పట్టుకోవడానికి, ‘ఇఫ్’, ‘సిన్స్’ వంటి మాటలకు అర్థం తేల్చుకోవడానికి అది దారి చూపుతుంది. ప్రిపోజిషన్లకూ ఆర్టికల్స్‌కూ టెన్స్‌కూ మాత్రం పైన చెప్పిన ‘నుంచి’, ‘తో’, ‘కంటే’ల వల్ల అదే మనల్ని పడదోస్తుంది. తెలుగు ఎక్కడ తోడొస్తుందో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో తెలుసుకుని చదవడమే సాధన అని నా అభిప్రాయం.

చివరి పదిహేను రోజుల మాక్ టెస్ట్‌ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మాక్ టెస్ట్ మన స్థాయిని చూపిస్తుంది, వేగాన్ని పెంచుతుంది. తప్పు ఎందుకు జరిగిందో వెనక్కి వెళ్లి చూసుకోకపోతే మొదటి పరీక్షలో చేసిన తప్పే పదిహేనో పరీక్షలోనూ చేస్తాం, అదీ మరింత వేగంగా. శృంగవరపుకోట అమ్మాయి ఆ వేసవి నుంచి ఒక పొడుగాటి నోటుపుస్తకం పెట్టుకుంది. పేజీకి నాలుగు గళ్లు గీసి, మొదటి గడిలో తప్పిన వాక్యం, రెండో గడిలో తాను పెట్టిన జవాబు, మూడో గడిలో సరైనది, నాలుగో గడిలో ‘నాకు అలా ఎందుకు అనిపించింది’ అన్నది తెలుగులో రాస్తుంది. రోజుకు పది వాక్యాలకు మించి చేయదు. ఆరు వారాల తర్వాత ఆ పుస్తకం నాకు చూపించినప్పుడు నాలుగో గడిలో ‘నుంచి వల్ల’ అన్న మాట మొదటి రెండు వారాల పేజీల్లో పదకొండు చోట్ల ఉంది. ఆ తర్వాతి పేజీల్లో ఒక్కచోటే ఉంది, దాని కింద ఎర్ర సిరాతో రెండుసార్లు గీత గీసుకుంది. ఇప్పుడు ఆ అమ్మాయి ఆర్టికల్స్ దగ్గర ఉంది. ‘యాన్ అవర్’, ‘ఎ యూనివర్సిటీ’ ఎందుకంటే అక్షరాన్ని కాకుండా ఉచ్చారణను చూడాలని నాలుగో గడిలో రాసుకుని, పక్కనే “ఇక్కడ మాత్రం చెవి పనికొస్తుంది” అని చేర్చింది.